పెడచెవి

మార్చి 4

ఈ రోజుతో నా చెవి ప్రపంచ ప్రసిద్ధమైంది.

నా చెవి అంటే నా తలకు అంటుకుని ఉన్నది కాదు. అది డెబ్బై ఏళ్ళు పైబడి పనికిరాని మాటలు విని విని అరిగిపోయింది. నేను గీసిన చెవి. అప్పుడే పుట్టిన బిడ్డ ఎడమ చెవి, పెన్సిలుతో, ఒక్కో వంపూ కొలిచి గీశాను. దాని పక్కనే చిట్టిచెవులు, అంటే పుట్టుకతో ఎదగని చెవులు, మూడు రకాలు: కాస్త చిన్నది, సగమే ఉన్నది, చెవి బదులు చిన్న కండ మాత్రమే మిగిలినది. కాన్పుల వార్డులో గోడకు తగిలించుకుంటే నర్సు బిడ్డను ఎత్తుకుని పోల్చి చూసుకోవచ్చు. మా నమోదు కేంద్రాల కూటమి వాళ్ళు దీన్ని అచ్చువేసి కిందటి ఏడాది చివర్లో మూడు దేశాలకు పంపారు. మాది అందులో ఒకటి. ఆ మూడింటికీ ఏ కొత్త వస్తువు వచ్చినా ముందు మాకే కావాలనే యావ. ఇప్పుడు మిగతా దేశాలూ అడుగుతున్నాయట. రెండో అచ్చు వేస్తారట.

పదవీ విరమణ చేసినవాడు మొక్కలు పెంచుకోవాలని, మనవల్ని ఆడించుకోవాలని చెప్పిన వాళ్ళందరికీ ఇదే నా జవాబు. నేను చెవులు పెంచుకున్నాను.

ఇంత మంచి రోజున కూడా అత్తగారి ఉత్తరం రానే వచ్చింది. అత్తగారంటే మగమనిషే, గుబురు మీసాలతో సహా. ఏ పని చూపించినా పెదవి విరిచి ఒక వంక పెట్టనిదే నిద్రపోడు గనక ఉద్యోగంలో చేరిన తొలినాళ్ళలోనే ఆ పేరు పెట్టాం. ఆ నోరు పట్టుకునే అంచెలంచెలుగా ఎదిగి కూటమికి అధ్యక్షుడై కూర్చున్నాడు. ఏ దేశంలో ఎంతమంది పిల్లలు ఏ లోపంతో పుట్టారో మూడు నెలలకోసారి లెక్కలు పంపే నమోదు కేంద్రాలు ముప్పై ఉన్నాయి. వాటన్నిటి మీదా ఈయన అత్తరికం. ఉత్తరం ఇది: "పటం చాలా బాగుంది. రెండో అచ్చులో అడుగున ఒక్క వాక్యం చేర్చగలరు: చెవి మడతపడి ఉంటే వేలితో విప్పి చూడండి, వారం తర్వాత మళ్ళీ కొలవండి."

ఇది కూడా చెప్పాలా? కడుపులో ఒత్తుకున్న చెవి మడతపడుతుందని, నాలుగు రోజుల్లో తెరుచుకుంటుందని తెలియని నర్సు ఎక్కడైనా ఉంటుందా? ముద్ద నోట్లో పెట్టుకోండి, ముక్కులో కాదు అని కూడా రాద్దామా?

మార్చి 6

అత్తగారికి జవాబు రాశాను. "పటంలో చోటు లేదు."

చోటు ఉంది.

మార్చి 17

మనవరాలికి మూడో నెల. నా కూతురి కూతురు. మొగుడితో కలిసి నా ఇంట్లోనే ఉంటుంది, లేదా నేను వాళ్ళింట్లో ఉంటున్నాను, ఈ విషయం మీద మాకు ఏకాభిప్రాయం లేదు. ఆ అబ్బాయి లిఫ్టులు బాగుచేస్తాడు. మంచివాడే గానీ ఆలోచన పైకీ కిందికీ తప్ప పక్కకు సాగదు.

పొద్దున కాఫీ దగ్గర రెండో అచ్చు గురించి చెప్పబోయాను.

"తాతయ్యా, పొద్దున్నే చెవుల గురించి ఎత్తకు. తిప్పుతోంది."

"నీకు తిప్పడానికి చెవులెందుకే, పక్కింటి పోపు చాలు."

"ఇప్పుడు నయం. రెండు వారాలుగా కొత్త మాత్ర వేసుకుంటున్నా. అమృతమే అనుకో."

నారింజ రంగు మాత్ర. చూడ్డానికి మిఠాయిలా ఉంది. పిల్ల నాలుగు ముద్దలు తినగలుగుతోంది. సంతోషం.

ఏప్రిల్ 9

ఓహో! ఓహో!

ఇంత ఆనందం నాకు పెళ్ళినాడు కూడా కలగలేదు. ఆవిడ లేదు కనక నిర్భయంగా రాస్తున్నాను.

నా శిష్యురాలు ఫోన్ చేసింది. నా కుర్చీలో ఇప్పుడు ఆమే కూర్చుంటోంది, మా నమోదు కేంద్రానికి అధిపతి. గొంతు తగ్గించి మాట్లాడింది.

"సార్, చిట్టిచెవులు పెరిగాయి. మన దగ్గర రెండింతలు దాటింది. ఇంకో రెండు దేశాల్లోనూ అంతే. మిగతా అన్నిచోట్లా మామూలే."

"ఆ మూడు దేశాల్లోనే కొత్తగా వచ్చిందేమిటి?"

"అదే చూస్తున్నా సార్. కిందటి ఏడాది మొదట్లో వేవిళ్ళకు ఒక మాత్ర వచ్చింది. ఇంకెక్కడా అమ్మకానికి రాలేదు."

మాత్ర! వచ్చే నెలాఖరున కూటమి వార్షిక సభ మా ఊళ్ళోనే. పాత తలకాయలన్నిటినీ మర్యాదకు పిలుస్తున్నారు, నాకు కూడా ఒక అరగంట ఇచ్చారు, పాత జ్ఞాపకాలు చెప్పమని. చెబుతాను జ్ఞాపకాలు!

ఒకప్పుడు పెదవి చీలిక పెరుగుతోందని నేను లెక్క తీసి చూపిస్తే, ఇదే అత్తగారు నిండు సభలో లేచి "ఇది దిష్టి" అన్నాడు. సభ గొల్లుమంది. మా పనిలో దిష్టి అంటే, ఏ ఆస్పత్రికైనా కళ్ళున్న డాక్టరు కొత్తగా వస్తే అక్కడ లోపాలు పెరిగినట్టు కనిపిస్తాయి. పెరిగింది లోపాలు కాదు, చూపు. నా లెక్కను దిష్టి కింద కొట్టిపారేసి, ఆ ఏడే మెట్టు ఎక్కాడు. నేను ఎక్కలేదు. నాది దిష్టేనని తర్వాత తేలిందని అంటారు. అనేవాళ్ళు వంద అంటారు.

ఈసారి మూడు దేశాలు. మూడు దేశాలకు ఒకేసారి దిష్టి తగలదు నాయనా!

సాయంత్రం నడకకు వెళ్ళి వస్తూ ఈల వేశాను. నాకు ఇంకా ఈల వస్తుందని తెలియదు.

ఏప్రిల్ 10

మనవరాలి మాత్ర వేరే రంగు అనుకుంటాను.

ఏప్రిల్ 12

రంగు అదే. పేరు చూడలేదు.

ఏప్రిల్ 13

చూశాను. ఇప్పుడు మానేసిందట, వేవిళ్ళు తగ్గాయట. ఇంకేం, మంచిదే. ఉపన్యాసం మొదలుపెట్టాను. మొదటి వాక్యం అద్భుతంగా వచ్చింది.

ఏప్రిల్ 23

ఉపన్యాసం రెండు పేజీలయింది. పెద్దగా చదివితేనే వాక్యం బరువు తెలుస్తుంది గనక నా గదిలో అద్దం ముందు నిలబడి చదువుతున్నాను. అత్తగారి వైపు తిరిగి (అంటే బీరువా వైపు) "ఈ నారింజ రంగు మాత్ర సాక్షిగా అడుగుతున్నాను, ఇదీ దిష్టేనా?" అని వేలు చూపించాను. తలుపు దగ్గర మనవరాలు నిలబడి ఉంది. చేతిలో ఉతికిన బట్టలు.

"ఏ మాత్ర తాతయ్యా?"

"ఏదోలే. ఆఫీసు గొడవ."

"నేను వేసుకున్నదేనా?"

బట్టలు మంచం మీద పెట్టింది. ఒక్కొక్కటే మడతపెట్టడం మొదలుపెట్టింది.

"నీకెప్పుడు తెలిసింది?"

"మొన్ననే."

"మొన్నంటే? నువ్వు ఈల వేయడం మొదలుపెట్టిన రోజా? ముని మనవడు వస్తున్నాడని వేస్తున్నావనుకున్నా. మా ఆయనకు కూడా చెప్పాను, తాతయ్య ఎంత మురిసిపోతున్నాడో చూడండీ అని."

"ఇంకా ఏదీ తేలలేదే. లెక్క పెరిగింది, అంతే. మాత్ర వేసుకున్నవాళ్ళందరికీ అలా పుడతారని కాదు. వెయ్యి మందిలో ఒకరికి కూడా..."

"ఒక్కటి అడుగుతాను. మాత్రదే తప్పని తేలితే నీకు సంతోషమేనా?"

"శాస్త్రంలో సంతోషం..."

"శాస్త్రాన్ని అడగలేదు. నిన్ను అడిగాను."

నా చొక్కాలు మడతపెట్టకుండా వదిలేసి వెళ్ళింది.

ఆమె ప్రశ్న వ్యాకరణరీత్యా దోషం. 'తేలితే' అన్నది షరతు. ఇంకా జరగనిదానికి సంతోషం ఉండదు, దుఃఖమూ ఉండదు.

ఏప్రిల్ 24

మూడో పేజీ సాగలేదు. పెన్ను బాగాలేదు.

ఏప్రిల్ 25

కొత్త పెన్ను కొన్నాను. అదీ బాగాలేదు.

మే 10

నాది తప్పు! నాది తప్పు! నిలువునా, అడ్డంగా, ఐమూలగా తప్పు!

వరసగా రాయాలి. చెయ్యి ఆగడం లేదు.

ఇవాళ మనవరాలికి స్కానింగ్. రెండు వారాలుగా నాతో ముక్తసరిగా మాట్లాడుతున్న పిల్ల, పొద్దున గుమ్మంలో నిలబడి "నువ్వూ రా, చెవులు చూసేది నువ్వేగా" అంది. వెళ్ళాను. స్కానింగ్ చేసే ఆయన పదే పదే తిప్పి చూశాడు. గుండె బాగుంది, వెన్ను బాగుంది, వేళ్ళు బాగున్నాయి. చెవి దగ్గరికి వచ్చేసరికి బిడ్డ చెయ్యి అడ్డం.

"ఫోన్లో మాట్లాడుతున్నట్టుంది," అన్నాడాయన.

"తాత పోలిక. పెట్టెయ్యదు," అంది మనవరాలు. నవ్వలేదు.

"కాస్త కుదిపితే చెయ్యి తీస్తుందేమో," అన్నాడు లిఫ్టబ్బాయి.

"గర్భం బాబూ, లిఫ్టు కాదు," అన్నాను.

కాసేపు నడిచి, ఏదైనా తియ్యగా తిని రమ్మన్నారు. వాళ్ళిద్దరూ క్యాంటీన్‌కు వెళ్ళారు. నేను పై అంతస్తులో బాలింతల వార్డుకు వెళ్ళాను. ఎందుకంటే, అబద్ధమెందుకు, గోడ మీద నా పటం చూసుకుందామని. ఉంది. అద్దం కూడా బిగించారు. దాని కింద బల్ల మీద ఒక బిడ్డ, చేతిలో కొలత టేపుతో ఒక నర్సమ్మ.

"ఏం రాస్తున్నావమ్మా?"

"చిట్టిచెవండీ. రెండో రకం. అచ్చం పటంలో ఉన్నట్టే లేదూ? మీరెవరు, పాప తాతగారా?"

"కాదు. ఆ పటం గీసినవాణ్ణి."

"అబ్బో, మీరేనా! మీకు దండం పెట్టాలండీ. ఈ పటం వచ్చేదాకా మేం చెవుల జోలికే పోయేవాళ్ళం కాదు. వేళ్ళు లెక్కపెట్టి తల్లికి ఇచ్చేసేవాళ్ళం. ఇప్పుడు చూడండి, వారం తిరిగేసరికి ఒకటైనా పడుతోంది."

పడుతోంది! చేపలు పట్టేవాడిలా అంది.

నేను వంగి చూశాను. చెవి పైభాగం ముందుకు ఒరిగి, లోపలికి ముడుచుకుని ఉంది. చిటికెన వేలు అడుగున పెట్టి మెల్లగా ఎత్తాను. జేబురుమాలు మూల విప్పినట్టు విచ్చుకుంది. పూర్తి చెవి. ఒక్క వంపు తక్కువ లేదు. వేలు తీసేస్తే బద్ధకంగా మళ్ళీ ముడుచుకుంది.

"ఓరి దేవుడా, మడతా!" అంది నర్సమ్మ. "పటంలో మడత సంగతి లేదు కదండీ?"

"లేదు."

"ఒక్క ముక్క రాసి ఉంటే పోయేదిగా."

నవ్వు వచ్చింది. ఎక్కడినుంచో, పాదాల్లోంచి. మెట్ల మీద పట్టుకోలేక కూలబడి నవ్వాను. ఎవరో మంచినీళ్ళు తెచ్చారు. ఆ మూడు దేశాలకే కొత్త మాత్ర వచ్చింది, ఆ మూడు దేశాలకే నా పటమూ వెళ్ళింది! మాత్ర గురించి తల బద్దలు కొట్టుకున్నవాణ్ణి, నా పటం నాకే గుర్తు రాలేదు. మూడు దేశాలకు ఒకేసారి దిష్టి ఎలా తగులుతుందని కదూ అడిగాను? అచ్చువేసి టపాలో పంపితే తగులుతుంది.

క్యాంటీన్‌లోకి పరుగెత్తి లిఫ్టబ్బాయిని కావలించుకున్నాను.

"ఏమైంది తాతయ్యా?"

"నాదే తప్పమ్మా! పూర్తిగా తప్పు!"

మనవరాలు మొగుడి వైపు తిరిగి, "డాక్టర్ని పిలవండి, ఈయనకు ఏదో అయింది," అంది.

అంతా చెప్పాను. మనవరాలు ఇటు తిరిగింది. "అంటే మాత్ర మంచిదేనా? ఖాయమేనా?"

ఒక్క మడత చెవి చూసి ఖాయం అనడానికి నాకు నోరు రాలేదు. అబద్ధం చెప్పి ఉండవచ్చు. ఆ పిల్ల నా మొహంలో పట్టేస్తుంది.

"ఇంకా చూడాలి," అన్నాను.

"చూడు మరి," అంది. "చూడ్డమేగా నీ పని."

రెండోసారి కూడా బిడ్డ చెయ్యి తియ్యలేదు.

మే 12

శిష్యురాలు లెక్క తీసింది. మా దేశంలో పటం తగిలించిన ఆస్పత్రుల్లోనే చెవులు పెరిగాయి. పటం అందని ఆస్పత్రుల్లో అదే మాత్ర, అంతేమంది తల్లులు, చెవులు మాత్రం ఎప్పటిలాగే.

"సార్, మీరు చెప్పే మడత వాక్యం పటంలో ఎందుకు లేదు? మీరు రాయకుండా ఉండరే," అంది.

"చోటు లేకపోయింది," అన్నాను.

మే 26

వార్షిక సభ. నా జీవితంలో ఇంత విచిత్రమైన యుద్ధం చేయలేదు.

నాకిచ్చిన అరగంటలో పాత జ్ఞాపకం ఒక్కటీ చెప్పలేదు. పటం తెర మీద వేయించాను. మడత చెవి చూపించాను, విప్పిన చెవి చూపించాను. "అయ్యలారా, అమ్మలారా, చిట్టిచెవులు పెరగలేదు. నా బొమ్మ చూసి నర్సుల చూపు పెరిగింది. మాత్ర నిర్దోషి. ఇది దిష్టి, ఆ దిష్టి నాది," అని చెప్పి, మొదటి వరసలో కూర్చున్న అత్తగారి వైపు వంగి నమస్కారం పెట్టాను. చప్పట్లు మోగాయి. ఇక ఆయన లేచి విజయగర్వంతో రెండు ముక్కలు మాట్లాడి కూర్చుంటాడని, ఆ రెండు ముక్కలూ నవ్వుతూ దిగమింగుదామని సిద్ధపడ్డాను.

లేచాడు. మీసం సవరించుకున్నాడు.

"నేను ఒప్పుకోను," అన్నాడు.

ఆ మనిషికి గెలుపు ఊరికే ఇచ్చినా పుచ్చుకోవడం చేతకాదు! అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టింది కొత్త కుండ అన్నట్టు, దిష్టి అని తానంటే ఒప్పు, అదే మాట నేనంటే తప్పు.

"పటం లేని ఆస్పత్రుల్లో చెవులు పెరగలేదన్నారు. అక్కడ చూసేవాళ్ళే లేరు కదా, పెరగలేదని ఎలా చెప్పగలరు? మాత్ర నిర్దోషి అని అంత తొందరగా ఎలా అంటారు?"

"అయ్యా, దిష్టి అనే మాట కనిపెట్టిందే మీరు!"

"కనిపెట్టాను గనకే చెబుతున్నాను. ప్రతిదానికీ దిష్టి అంటే మనం ఉండటం ఎందుకు? ఇళ్ళకు పోయి పడుకుందాం."

"మీరు దశాబ్దాలుగా చేస్తున్నదదే!"

"మీరు దశాబ్దాలుగా మాత్రల్ని అనుమానించారు. ఇవాళ ఈ మాత్ర మీద ఇంత ప్రేమ ఏమిటండీ?"

సభ నవ్వింది. నేను బల్ల పట్టుకున్నాను.

"నా మనవరాలు వేసుకుంది," అన్నాను.

నవ్వు ఆగిపోయింది. అత్తగారు కళ్ళద్దాలు తీశాడు. తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"అయితే మరీ జాగ్రత్తగా చూడాలి," అన్నాడు.

నమోదైన ప్రతి బిడ్డ చెవికీ ఇప్పుడు ఫొటో తీయించాలి, మడతలైతే ఈపాటికి తెరుచుకుని ఉంటాయి. పటం లేని ఆస్పత్రుల్లో మాత్ర వేసుకున్న తల్లుల పిల్లల్ని కూడా పిలిపించి తీయించాలి. చెవులు చూసేవాళ్ళకు ఏ తల్లి మాత్ర వేసుకుందో తెలియకూడదు. చూసేది ఇద్దరు, ఇద్దరూ ఒప్పుకుంటేనే లెక్క. ఇదీ తీర్మానం. నేను మనసులో తిట్టుకుంటూనే చెయ్యెత్తాను. ఆయన అన్నది నిజం. ఆ మనిషి అన్నది నిజమైన రోజున ఈ డైరీలో నాకు అక్షరాలు కూడా తిన్నగా రావడం లేదు.

చూసే ఇద్దరెవరో చెప్పనక్కర్లేదు.

జూన్ 19

చెవులు. చెవులు. చెవులు. నమోదు కేంద్రం వెనక గదిలో ఒకే తెర ముందు రెండు కుర్చీలు. శిష్యురాలు ఒక్కో ఫొటో వేస్తుంది.

"మడతే. విచ్చుకుంది," అంటాను.

"పైవంపు సందేహంగా ఉంది," అంటాడు అత్తగారు.

"సందేహం మీ అద్దాల్లో ఉంది."

"మీ మనవరాలని తొందరపడుతున్నారు."

"మీకు నేనంటే పడక సాగదీస్తున్నారు."

"సార్, ఇద్దరూ కాఫీ తాగుతారా?" అంటుంది శిష్యురాలు. కాఫీలో చక్కెర ఎక్కువైందని ఆయన, తక్కువైందని నేను. ఒకే ఫ్లాస్కు.

ఇవాళ పదిహేనుసార్లయినా పోట్లాడుకున్నాం. ఒళ్ళంతా తేలిగ్గా ఉంది. ఈ మనిషితో పోట్లాడక ఎన్నేళ్ళయిందో! రిటైరయ్యాక నాకు తగిన శత్రువు దొరకలేదు. లిఫ్టబ్బాయి ఒప్పేసుకుంటాడు, మజా ఉండదు.

మనవరాలు అడగడం మానేసింది. నేను గుమ్మంలో చెప్పులు విడిచేటప్పుడు నా మొహం చూస్తుంది, అంతే.

జూలై 3

మడతలు తెరుచుకుంటూనే ఉన్నాయి. ఒక్కోటీ తేలినప్పుడల్లా నేను బల్ల మీద దరువు వేస్తున్నాను. ఇవాళ అత్తగారు కూడా వేశాడు, తర్వాత చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

ఆ తర్వాత ఒక ఫొటో వచ్చింది. ఆరేడు నెలల పాప. కుడి వైపు చెవి లేదు. చిన్న కండ. నా పటంలో మూడో రకం. ఫొటో తీస్తున్నవాళ్ళు ఏం చేశారో, పాప నోరంతా తెరిచి నవ్వుతోంది.

"ఇవి మామూలుగా ఉండేవే సార్, ఏటా ఇన్ని ఉంటాయి," అంది శిష్యురాలు మెల్లగా.

"మనం మడత తేలినప్పుడల్లా దరువు వేస్తున్నాం," అన్నాడు అత్తగారు. "ఈ పిల్లకు ఎవరు వేస్తారు?"

తర్వాతి ఫొటోలకు దరువు వేయలేదు.

జూలై 16

అయిపోయింది. నిజమైన చిట్టిచెవులు ఏటా ఉండేటన్నే ఉన్నాయి. వాళ్ళ తల్లుల్లో మాత్ర వేసుకున్నవాళ్ళు మామూలు జనంలో ఉన్నంతమందే. పటం లేని ఆస్పత్రుల పిల్లల్లోనూ అంతే. ఇద్దరం సంతకం పెట్టాం. నా సంతకం కింద గీత ఎందుకని అత్తగారు అడిగాడు.

ఇంటికి ఫోన్ చేశాను. "తేలింది. మాత్రదేం తప్పు లేదు. ఇప్పుడు ఖాయం," అన్నాను. "తాతయ్యా, సంతోషమేనా?" అంది మనవరాలు.

"చచ్చేంత," అన్నాను. ఏప్రిల్ నుంచి బాకీ ఉన్న జవాబు.

ఫోన్ పెట్టేయకుండానే ఏడ్చింది, మొగుణ్ణి పిలిచింది, వాడేదో అన్నాడు, నవ్వింది, అంతా వినిపించింది.

ఆగస్టు 2

రెండో అచ్చుకు పటం పంపాను. అడుగున వాక్యం చేర్చాను. అత్తగారు మెచ్చుకుని, 'విప్పి చూడండి' తర్వాత కామా ఉండాలన్నాడు. అక్కర్లేదని నాలుగు పేజీలు రాశాను. పెన్ను అద్భుతంగా సాగింది.

అక్టోబరు 5

తెల్లారగానే లిఫ్టబ్బాయి ఫోన్. "ఆడపిల్ల తాతగారూ! ఇద్దరూ బాగున్నారు. పైకి రండి," అన్నాడు. వాడికి తెలిసిన దిశ అదొక్కటే, ఇవాళ మాత్రం సరైనదే.

మనవరాలు బిడ్డను పక్కలో పెట్టుకుని ఉంది. నన్ను చూడగానే గుడ్డ బిడ్డ నుదుటి మీదికి, చెంపల పక్కగా లాగింది. చెవులు కనిపించకుండా, కావాలనే.

"చేతులు వెనక్కి పెట్టుకో. ముందు మొహం చూడు."

చూశాను.

"ఎలా ఉంది?"

"రెండు కళ్ళు, ఒక ముక్కు, పై పెదవి..."

"లెక్క అడగలేదు తాతయ్యా. ఎలా ఉంది?"

ఇన్ని పుస్తకాలు చదివినవాణ్ణి, ఒక్క మాట దొరకలేదు. బిడ్డ నా వైపే చూస్తున్నట్టుంది, చూడదని తెలుసు, ఈ వయసులో చూపు ఆనదు. ఆఖరికి, "మరి చెవులు?" అన్నాను.

"రెండూ ఉన్నాయి," అంది మనవరాలు. "పాపం, నీ మాటలు వినక తప్పదు."

నా ఒళ్ళో పెట్టింది. మొదలుపెట్టాను. కామా గొడవ దగ్గర నుంచి పెదవి చీలికల లెక్క దాకా, ఎవరెవరు నాకేం చేశారో అంతా చెప్పాను. పెద్దపెద్ద సభాధ్యక్షుల్లాగే, అసలు విషయానికి వచ్చేసరికి నిద్రపోయింది.